డాక్టరూ కాదు, ఇంజనీరూ కాదు, మరి ఏటి? – బయోఇన్ఫర్మాటిక్స్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ప్లస్ టూ తర్వాత చదువుల గురించి రాస్తూ బయోఇన్ఫర్మాటిక్స్ (జీవుల డీఎన్‌ఏ లాంటి సమాచారాన్ని లెక్కలతో, కంప్యూటర్‌తో చదివే శాస్త్రం) అని ఒక్క లైన్లో అని వదిలేశాను, దాని మీద రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, మల్కనగిరి, జయపురం నించి ఉత్తరాలు వచ్చాయి. ఆ సబ్జెక్టు నేను చదివిందే, ఇప్పుడు పిల్లలకి చెప్తున్నదీ అదే, అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యట్లేదు, ఊళ్ళ పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (రాయగడ నించి ఒక అమ్మాయి): మేడమ్, నాది ప్లస్ టూ సైన్స్, మ్యాథ్స్ బయాలజీ రెండూ ఉన్నాయి. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. నాన్నగారు వైజాగ్‌లో లాంగ్ టర్మ్‌కి ఇంకో ఏడాది కూర్చోమంటున్నారు. నాకు లెక్కలంటే ఇష్టం, బయాలజీ కూడా ఇష్టమే. బయోమ్యాథమెటిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్ అని మేజర్ ఉంటుందని విన్నాను, అసలు అది ఏటి? ఇంట్లో చెప్తే అటు డాక్టరూ కాదు ఇటు ఇంజనీరూ కాదు, ఆ చదువు ఎందుకు అంటున్నారు.

జవాబు: అమ్మా, చదవాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం, ముందు అది ఏంటో మన ఊరి విషయంతోనే చెప్తా. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు మలేరియా రాని ఇల్లు ఎక్కడుంది చెప్పు, నా చిన్నప్పుడు వానాకాలం అంటే నాకు గుర్తున్నది ఆ మాత్రల చేదే. దోమలోనే మలేరియా క్రిమి పెరుగుతుందని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమని కోసి మైక్రోస్కోప్ కింద చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది, ఇదంతా నీ పుస్తకంలో ఉండే ఉంటుంది. పుస్తకాల్లో పెద్దగా రాయని సంగతి ఇంకోటుంది, ఆయన తర్వాత కూర్చుని లెక్కలు వేశాడు. అప్పట్లో అందరూ అనేది ఏంటంటే ఊళ్ళో దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు కాబట్టి మలేరియా పోదు అని. రాస్ లెక్కేసి చూపించింది ఏంటంటే అన్నిటినీ చంపక్కర్లేదు, ఒక సంఖ్య కన్నా కిందకి దించితే చాలు, ఆ తర్వాత జబ్బు దానంతట అదే తగ్గిపోతూ వస్తుంది అని. ఒక రోగి నించి ఎన్ని దోమలకి అంటుతుంది, వాటిల్లో ఎన్ని మళ్ళీ మనిషిని కుట్టేదాకా బతుకుతాయి, ఎంతమందికి అంటిస్తాయి, ఇవన్నీ గుణిస్తే వచ్చేది ఒకటి కన్నా తక్కువైతే జబ్బు ఆరిపోతుంది, ఎక్కువైతే పాకుతుంది, అంతే.

ఇంకో చిన్న లెక్క చూడు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో తయారవడానికి సుమారు పది రోజులో ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. రోజుకి 100 దోమల్లో 90 బతుకుతాయి అనుకుంటే పది రోజుల తర్వాత మిగిలేవి 35. అదే ఇంట్లో గోడలకి మందు కొట్టి, మందు పూసిన దోమతెరలు కట్టి, రోజుకి 80 మాత్రమే బతికేలా చేశామనుకో, పది రోజుల తర్వాత 11 కూడా మిగలవు. రోజువారీగా చూస్తే తేడా చిన్నదే, పది రోజులకి చూస్తే మూడో వంతుకి పడిపోయింది. 0.9 ని పది సార్లు, 0.8 ని పది సార్లు హెచ్చవేసి నువ్వే చూసుకో, నోట్‌బుక్‌లో ఐదు నిమిషాలు. దోమ సంఖ్య కన్నా దోమ ఆయుష్షు మీద దెబ్బ కొట్టడమే పెద్ద దెబ్బ అని 1950ల్లో మెక్‌డొనాల్డ్ అనే ఆయన ఇలాంటి లెక్కతోనే చూపించాడు. దీన్ని బయోమ్యాథమెటిక్స్ అంటారు. మన దగ్గర దీని విలువ ఎంతో చెప్తా: 2016లో దేశం మొత్తం మలేరియా కేసుల్లో దాదాపు 40 శాతం ఒడిశావే, ఆ తర్వాత దమన్ అనే ప్రోగ్రామ్ పెట్టి కొండ ఊళ్ళకి వెళ్ళి జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్షలు చేసి, దోమతెరలు పంచి, 2017లో మూడున్నర లక్షల దగ్గర ఉన్న కేసుల్ని 2018కి 70 వేల లోపుకి తెచ్చారు. జ్వరం లేనివాళ్ళకి పరీక్ష ఎందుకు అని మన ఊళ్ళల్లో చాలామంది అడిగేవాళ్ళు. జ్వరం లేకుండా ఒంట్లో క్రిమి మోసేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ దోమలకి అంటుతూనే ఉంటుంది కదా, అందుకు.

ఇంక బయోఇన్ఫర్మాటిక్స్. ఇది అక్షరాల చదువు అనుకో. మన ఒంట్లో డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన 300 కోట్ల అక్షరాల వరస, దాన్ని చదవడానికి ప్రపంచ దేశాలు కలిసి 1990లో మొదలెట్టి 2003 దాకా పని చేశాయి. సికిల్ సెల్ గురించి విన్నావు కదా, మన వైపు గిరిజన ఊళ్ళల్లో, అటు గడ్చిరోలి వైపు కూడా ఉన్నదే, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయి ఒళ్ళు నొప్పులతో పిల్లలు గిలగిల్లాడిపోతారు. దానికి కారణం ఆ 300 కోట్లలో ఒక్క అక్షరం. జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ పడింది, అంతే తేడా. ఒకరిద్దరు మనుషులవి అయితే కంటితో వెతుకుతాం, పది వేల మంది డీఎన్‌ఏ ముందు పెడితే? మన దేశంలోనే జీనోమ్ ఇండియా అని 10 వేల మంది వరసలు చదివి 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు. దాన్ని చదవడానికి ప్రోగ్రామింగ్ కావాలి, ఏది నిజమైన తేడా ఏది పొరపాటున వచ్చిన తేడా అని తేల్చడానికి స్టాటిస్టిక్స్ కావాలి, ఆ తేడాకి ఒంట్లో అర్థం ఏంటో చెప్పడానికి బయాలజీ కావాలి. మూడింట్లో ఏది లేకపోయినా పని సగంలో ఆగిపోతుంది. ఆడపిల్లకి ఇదెందుకు అని ఎవరైనా అంటే ఒక పేరు చెప్పు, మార్గరెట్ డేహాఫ్, 1965లోనే అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరసలన్నీ పోగేసి అచ్చు వేయించింది, ఈ రోజు మనం వాడే కోడ్, ప్రోటీన్‌లో గొలుసులా ఉండే అమైనో ఆమ్లాలకి ఒక్కోదానికి ఒక్కో అక్షరం, ఆవిడ పెట్టిందే.

మలేరియాకీ సికిల్ సెల్‌కీ సంబంధం కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టమైన కథ. జె.బి.ఎస్. హాల్డేన్ అని ఇంగ్లండ్ ఆయన, 1949లో తలసేమియా గురించి ఒక ఊహ చెప్పాడు, ప్రతి జీన్‌కీ, అంటే డీఎన్‌ఏలో ఒక పని చెప్పే ముక్కకి, మనకి అమ్మ నించి ఒకటి నాన్న నించి ఒకటి రెండు కాపీలు ఉంటాయి కదా, ఈ రక్తం జబ్బు జీన్ కాపీ ఒక్కటి మాత్రమే ఉన్నవాళ్ళకి మలేరియా అంతగా హాని చెయ్యదేమో, అందుకే మలేరియా ఉన్నచోట ఆ జీన్ పోకుండా నిలిచిపోయిందేమో అని. 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో అది నిజమని చూపించాడు. ఒక కాపీ ఉంటే మలేరియా నించి కాపుదల, రెండు కాపీలూ చెడితే జబ్బు. ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, చివరికి భువనేశ్వర్‌లో జెనెటిక్స్ ల్యాబ్ పెట్టుకుని 1964 డిసెంబర్ 1న అక్కడే పోయాడు, తన శరీరాన్ని పిల్లల చదువుకి ఇచ్చెయ్యమని రాసిపెడితే అది చేరింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఒడిశాలో కన్నుమూసి ఆంధ్రాలో పాఠం అయ్యాడు. ఈ సబ్జెక్టు మన సరిహద్దుకి ఎక్కడిదో పరాయిది అని నేను ఎప్పుడూ అనుకోలేదు, అందుకే.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. నీకు నిజంగా రోగి పక్కన కూర్చుని వైద్యం చెయ్యాలని ఉంటే ఇంకో ఏడాది కూర్చో, అందులో తప్పేం లేదు. చుట్టాలు అడుగుతారని మాత్రం కూర్చోకు. లెక్కలూ బయాలజీ రెండూ ఇష్టం అని నీ అంతట నువ్వు రాశావు చూడు, ఆ రెండూ ఒకే ప్లస్ టూలో చదివే వీలు ఒడిశా పిల్లలకి ఉంది, ఆంధ్రా వైపు పిల్లలు మొన్నమొన్నటిదాకా ఎంపీసీయో బైపీసీయో తేల్చుకుని ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. ఉన్న వీలు వదులుకోకు. నీకు అందరికన్నా దగ్గిరగా ఉన్నది బరంపురం ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థ, 2016లో పెట్టారు, ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్, ఐఏటీ అని వేరే ప్రవేశ పరీక్ష, అందులో ఫిజిక్స్ కెమిస్ట్రీ మ్యాథ్స్ బయాలజీ నాలుగూ సమానంగా అడుగుతారు, అంటే నీలాంటి పిల్ల కోసమే పెట్టినట్టుంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయగలిగితే ఐఐటీ హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ అండ్ బయోఇన్ఫర్మాటిక్స్ అని బీటెక్ ఉంది. ఇవేవీ అందకపోతే దగ్గిర గవర్నమెంట్ కాలేజీలో ప్లస్ త్రీ (డిగ్రీ) మ్యాథ్స్‌లో చేరి, కొత్త డిగ్రీల్లో మైనర్ అని రెండో సబ్జెక్టు పెట్టుకునే వీలుంది కదా, బయాలజీ మైనర్‌గా పెట్టుకో. నాన్నగారు మళ్ళీ లెక్కలు చదివి ఏం చేస్తుంది అంటే సి.ఆర్.రావు గారి గురించి చెప్పు, వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చదివి, తర్వాత స్టాటిస్టిక్స్‌లోకి వెళ్ళి, 1946లో కేంబ్రిడ్జ్‌కి వెళ్ళింది పాతకాలపు మనుషుల ఎముకల కొలతలు విశ్లేషించడానికే.

ప్రశ్న (గుణుపురం నించి ఒక అబ్బాయి): అక్కా, నేను ప్లస్ త్రీ జువాలజీ రెండో సంవత్సరం. పదో క్లాస్ తర్వాత మ్యాథ్స్ ముట్టుకోలేదు. పీజీలో బయోఇన్ఫర్మాటిక్స్ చెయ్యాలని ఉంది, లెక్కలు రానివాడికి కుదరదు అని మా సీనియర్ అన్నాడు. నిజమేనా? ఎంత లెక్కలు కావాలి?

జవాబు: తమ్ముడూ, మీ సీనియర్ సగం నిజం చెప్పాడు. లెక్కలు లేకుండా కుదరదు, అది నిజం. కానీ ఇప్పుడు నేర్చుకోలేవు అన్నది మాత్రం అబద్ధం, ఎందుకంటే నేనూ నీ దారిలోనే వచ్చాను. ప్లస్ టూలో ఎవరో చెప్పారని మ్యాథ్స్ తీసేశాను, పీజీ మొదటి వారంలో సారు బోర్డు మీద అవకలనం (డిఫరెన్షియేషన్) రాస్తూ పోతుంటే రెండు నెలలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, రాత్రుళ్ళు ఏడ్చాను కూడా. దసరా సెలవులకి విజయనగరంలో మా మేనత్త ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మాయి ఇంటర్‌లో చదివేసి అటక మీద పడేసిన తెలుగు అకాడమీ మ్యాథ్స్ పుస్తకాలు నాలుగూ తెచ్చుకుని, రోజుకి గంటన్నర చొప్పున ఎనిమిది నెలలు చేశాను. తెలుగులో చదివితే ఎంత తొందరగా ఎక్కిందో నాకే ఆశ్చర్యం. నువ్వు రెండో సంవత్సరంలోనే ఉన్నావు, నీకు బోలెడు టైముంది.

ఎంత లెక్కలు అంటావా, నీకు తెలిసిన విషయంతోనే చూపిస్తా. 1908లో హార్డీ అనే లెక్కల మాస్టారు ఇంగ్లండ్‌లో, వైన్‌బర్గ్ అనే డాక్టరు జర్మనీలో, ఎవరికి వారు, ఊళ్ళో ఒక జీన్ కాపీల వాటాని బట్టి ఎంతమందికి ఏ జత వస్తుందో చెప్పే ఒకే సూత్రం కనిపెట్టారు, నీ జెనెటిక్స్ పేపర్లో వచ్చే ఉంటుంది, బట్టీ పట్టేసి ఉంటావు. ఇప్పుడు దాన్ని వాడు. ఒక ఊళ్ళో పుట్టిన ప్రతి 100 మంది పిల్లల్లో ఒకరికి సికిల్ సెల్ జబ్బు అనుకో, ఇది లెక్క కోసం అనుకున్న అంకె. జబ్బు రావాలంటే అమ్మ నించి ఒకటి నాన్న నించి ఒకటి రెండు కాపీలూ చెడ్డవి రావాలి, అంటే చెడ్డ కాపీ వాటాని దానితోనే హెచ్చవేస్తే నూటికి ఒకటి, దాని వర్గమూలం పదికి ఒకటి. ఊరి మొత్తం కాపీల్లో పదింటికి ఒకటి చెడ్డది. అయితే ఒక మంచిది ఒక చెడ్డది ఉన్నవాళ్ళు ఎంతమంది? రెండు ఇంటూ పదికి తొమ్మిది ఇంటూ పదికి ఒకటి, నూటికి 18 మంది! జబ్బు ఒకరికి, జబ్బు లేకుండా జీన్ మోసేవాళ్ళు 18 మంది. వాళ్ళల్లో ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఒంట్లో బాగానే ఉన్నవాళ్ళని కూడా పరీక్షించి కార్డులు ఎందుకు ఇస్తున్నారో ఈ 18 అనే అంకె చూస్తే తెలుస్తుంది.

ఇక్కడితో ఆగకు, మన ఇళ్ళల్లో అసలు సంగతి ఇంకా ఉంది, మేనరికాలు. హార్డీ వైన్‌బర్గ్ లెక్కకి ఊళ్ళో ఎవరు ఎవర్నైనా చేసుకుంటారు అన్న షరతు ఉంది, మన దగ్గర అది చెల్లదు కదా, మేనత్త కొడుకు ఉండగా బయటి సంబంధం ఎందుకు అనే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మేనత్త పిల్లలకీ మేనమామ పిల్లలకీ పెళ్ళయితే పుట్టే బిడ్డకి ఒకే తాతదో ఒకే అమ్మమ్మదో అదే కాపీ రెండు వైపుల నించీ రావడానికి 16 కి ఒకటి అవకాశం, సొంత మేనమామనే చేసుకుంటే 8 కి ఒకటి. ఇప్పుడు మన లెక్కలోకి ఇది కలుపు: బయటి పెళ్ళిళ్ళలో నూటికి ఒకరికి వచ్చే జబ్బు, మేనరికం పిల్లల్లో నూటికి ఒకటిన్నర పైకి వెళ్తుంది, ఇదేం పెద్ద తేడా కాదే అనిపిస్తుంది. ఇంకో జబ్బు తీసుకో, చెడ్డ కాపీ నూటికి ఒకటే, అంటే జబ్బు బయటి పెళ్ళిళ్ళలో పది వేలకి ఒకరికే. మేనరికంలో అదే పది వేలకి ఏడుగురు! జబ్బు ఎంత అరుదైనదైతే మేనరికం దెబ్బ అంత గట్టిగా పడుతుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎప్పుడూ వినని పేరున్న జబ్బు చెప్పి మొదట అడిగే ప్రశ్న మేనరికమా అమ్మా అని ఎందుకో ఇప్పుడు అర్థమైందా. మా ఇంట్లో ఒక బిడ్డ అలా పోయాడు, నేను ఈ లెక్క మొదటిసారి నా చేత్తో వేసుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది, పెన్ను పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నా. అప్పటిదాకా మా అమ్మమ్మ అది దిష్టి అనేది, మా అత్తయ్య తన తప్పు అనుకుని కుమిలిపోయేది.

చూడు, పైన నేను వాడింది కూడిక, గుణకారం, వర్గమూలం, కొంచెం ప్రాబబిలిటీ. అక్కడినించి మొదలెట్టు. తర్వాత స్టాటిస్టిక్స్ గట్టిగా, సగటు, విస్తృతి (వేరియన్స్), పి-వాల్యూ అంటే నిజంగా ఏంటి అన్నది, ఇది మాత్రం పైపైన వదలొద్దు, ఈ రంగంలో తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఆ తర్వాత మాత్రికలు (మేట్రిసెస్), లాగరిథమ్‌లు, చివర్న అవకలనం. సమాకలనం (ఇంటిగ్రేషన్) నాకైతే మొదటి రెండేళ్ళు పెద్దగా అవసరం పడలేదు, మోడలింగ్ వైపు వెళ్తే మాత్రం తప్పదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష దీనితో పాటే నేర్చుకో, లెక్క వచ్చాక నేర్చుకుంటా అని ఆగకు. పీజీ ప్రవేశ పరీక్షలంటే జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్ ఉంది, గ్యాట్-బి ఉంది, సీయూఈటీ పీజీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సిస్టమ్స్ అండ్ కంప్యుటేషనల్ బయాలజీ డిపార్ట్‌మెంట్, పూణే యూనివర్సిటీలో 1980ల నించి ఉన్న బయోఇన్ఫర్మాటిక్స్ సెంటర్, ఇవి చూసుకో. షరతులు ఏటేటా మారుతుంటాయి, పదిలో చదివిన మ్యాథ్స్ చాలా అని నోటిఫికేషన్‌లో చదువుకునే అప్లై చెయ్యి.

ప్రశ్న (పర్లాకిమిడి నించి ఒక తండ్రి): మేడమ్ గారూ, మా పిల్లడికి ఒక ప్రైవేట్ కాలేజీలో బీటెక్ బయోఇన్ఫర్మాటిక్స్ సీటు ఇస్తామంటున్నారు. నాలుగేళ్ళకి ఫీజులూ హాస్టలూ కలిపి లక్షల్లో అవుతాది. ఎకరం పొలం తాకట్టు పెట్టాలి. వంద శాతం ఉద్యోగం అని బ్రోచర్లో వేశారు. పెట్టమంటారా?

జవాబు: అన్నయ్యగారూ, పొలం పెట్టకండి.

ఎందుకో కూడా చెప్తాను. ఈ సబ్జెక్టు నాకు ప్రాణం, అయినా ఈ మాటే చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవు, ఉన్నవాటికి ఎక్కువ చోట్ల ఎమ్మెస్సీయో ఎంటెక్కో అడుగుతారు, ఉత్త డిగ్రీతో వచ్చేది చిన్న జీతం. ఉద్యోగాలు ఉండే చోటు ఏదంటే హైదరాబాద్, బెంగళూరు, పూణే, మందుల కంపెనీలు, విత్తనాల కంపెనీలు, జీన్ టెస్టులు చేసే ల్యాబులు, ఇంకా పరిశోధన సంస్థలు. పీహెచ్‌డీకి వెళ్తే మాత్రం మన చేతి డబ్బు పెట్టక్కర్లేదు, నెట్ అనే జాతీయ పరీక్ష రాసి పరిశోధన ఫెలోషిప్, అదే జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకి 37 వేలు వాళ్ళే ఇస్తారు, 2023 నించి ఆ రేటు. అది మీ పిల్లడికి 22, 23 ఏళ్ళు వచ్చాక మాట, అప్పటిదాకా నిలబడాలి కదా ఇల్లు.

నేను మొదట చేరిన కాలేజీ, పేరు వద్దులెండి, అక్కడ కూడా గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు ఉండేవి, కంప్యూటర్ ల్యాబ్‌కి మాత్రం ఏడాదిలో ఎనిమిది నెలలు తాళమే, స్టాటిస్టిక్స్ చెప్పడానికి మనిషి లేక ఒక పేపర్ మొత్తం నోట్స్ జెరాక్స్ ఇచ్చి పాస్ చేయించారు. మా నాన్న అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. అందుకని మీరు ఆ కాలేజీకి స్వయంగా వెళ్ళండి, పిల్లడిని తీసుకునే వెళ్ళండి, స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారు అని పేరు అడిగి ఆ మనిషిని చూడండి, ల్యాబ్ తెరిపించి పిల్లలు లైనక్స్ (ఈ పనికి వాడే, విండోస్ లాంటి ఫ్రీ సిస్టమ్) మీద పని చేస్తున్నారా చూడండి, లెక్కలు మూడో ఏడు దాకా ఉన్నాయా మొదటి ఏడుతోనే ఆపేశారా సిలబస్ కాగితంలో చూడండి, అన్నిటికన్నా ముఖ్యం పోయినేడు బయటికి వచ్చిన పిల్లల్లో ఇద్దరి ఫోన్ నెంబర్లు తీసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా మాట్లాడండి. వంద శాతం ఉద్యోగం అన్నవాళ్ళు ఆ రెండు నెంబర్లు ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

నా సలహా అడిగితే ఇలాంటి ఇంటి పిల్లడికి డిగ్రీ స్థాయిలో ఒక గట్టి సబ్జెక్టు చాలు, మ్యాథ్సో స్టాటిస్టిక్సో కంప్యూటర్ సైన్సో, గవర్నమెంట్ కాలేజీలో, బయోఇన్ఫర్మాటిక్స్ పీజీలో. మధ్యలో మనసు మారినా ఆ డిగ్రీ పనికొస్తుంది, బ్యాంకు పరీక్షకో బీఎడ్‌కో. పేరు కొత్తగా ఉన్న బీటెక్‌కి ఆ వీలు తక్కువ. పిల్లడు మాత్రం చిన్నబుచ్చుకోకుండా చూసుకోండి, వాడు ఈ సబ్జెక్టు ఎంచుకున్నాడంటే బుర్ర ఉన్నవాడే.

ప్రశ్న (మల్కనగిరి): ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా. ఇంగ్లీష్ అంతంతమాత్రం. ఈ కోర్సు నెగ్గగలనా?

జవాబు: నెగ్గుతావు. రెండు లిపులు చదివే బుర్ర మూడోది నేర్చుకోలేదా. రోజూ ఒక్క పేజీ ఇంగ్లీష్ సైన్స్ చదివి దాన్ని ఇంట్లో తమ్ముడికో చెల్లికో తెలుగులో చెప్పు, చెప్పలేకపోయిన చోటే నీకు అర్థం కాలేదని తెలుసుకో.

ప్రశ్న (జయపురం నించి డిగ్రీ అమ్మాయి): అక్కా, మా కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్ ఒక్క పేపరే ఉంది, ప్రాక్టికల్స్ లేవు. నా దగ్గర ఉన్నది అన్నయ్య వాడేసిన పాత ల్యాప్‌టాప్, నెట్ కూడా ఫోన్ హాట్‌స్పాటే. ఇంట్లో కూర్చుని ఏమైనా చెయ్యగలనా? మా ఊళ్ళో దీనికి సంబంధించింది ఏముంటుంది అని కూడా అనిపిస్తోంది.

జవాబు: చివరి మాటకి ముందు జవాబు చెప్తా, ఎందుకంటే అది చదివి నాకు మనసు ఆగలేదు. నువ్వు ఉన్నది జయపురం తల్లీ! వరి పుట్టి రకరకాలుగా విచ్చుకున్న చోట్లలో జయపురం ప్రాంతం ఒకటని వరి మీద పని చేసేవాళ్ళందరికీ తెలుసు, కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, మీ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ కేంద్రం మీ ఊళ్ళోనే ఉంది. సంతకి వెళ్ళినప్పుడు కొండ మీద నించి వచ్చిన అవ్వలు గంపల్లో పెట్టుకుని అమ్మే ఆ నల్ల ధాన్యం, ఎర్ర ధాన్యం, అవన్నీ ఒక్కొక్కటి ఒక్కో డీఎన్‌ఏ వరస. వరి జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ వరస, 2005లో చదివారు, సుమారు 39 కోట్ల అక్షరాలు, ఆ తర్వాత 2014లో 3000 వరి రకాల వరసలు అందరికీ ఫ్రీగా పెట్టేశారు. ఆ డేటా చూసే హక్కు అమెరికాలో ఉన్న ప్రొఫెసర్‌కి ఎంతో నీకూ అంతే.

ల్యాప్‌టాప్ సంగతికి వస్తే, నాలుగు జీబీ ర్యామ్ ఉన్నా మొదలెట్టడానికి చాలు, విండోస్ మొరాయిస్తుంటే తీసేసి లైనక్స్ వేసుకో, పాత మెషిన్ మీద అదే బాగా నడుస్తుంది, ఎలాగూ నేర్చుకోవాల్సిందే. నెట్ గురించి మరీ భయపడకు, వరసలు అంటే ఉత్త అక్షరాలు కదా, కరోనా వైరస్ జీనోమ్ మొత్తం 29,903 అక్షరాలే, డౌన్‌లోడ్ చేస్తే 30 కేబీ, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో కన్నా చిన్నది. రోజలిండ్ అని ఒక సైట్ ఉంది, చిన్న చిన్న లెక్కలు ఇస్తుంది, ప్రోగ్రామ్ రాసి జవాబు పెడితే తప్పో ఒప్పో చెప్తుంది, నా స్టూడెంట్స్ అందరినీ దానితోనే మొదలెట్టిస్తా. పెద్ద ఫైళ్ళ పని వచ్చినప్పుడు గెలాక్సీ అనే ఫ్రీ సర్వర్ వాడుకో, పని వాళ్ళ కంప్యూటర్‌లో జరుగుతుంది, నీ ల్యాప్‌టాప్ ఊరికే చూస్తూ ఉంటే చాలు. పాఠాలకి ఐఐటీల వాళ్ళ ఎన్‌పీటీఎల్ వీడియోలు, రాత్రి పూట డేటా మిగిలితే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. ఫోన్ మీద మాత్రం ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని చూడకు, రెండు రోజులకే విసుగొచ్చి మానేస్తావు.

ఈ వారం ఒక్క పని చెయ్యి. అందరికీ ఫ్రీగా డీఎన్‌ఏ వరసలు చూపించే ఎన్‌సీబీఐ సైట్‌కి వెళ్ళి హెచ్‌బీబీ అని కొట్టు, మనిషిది ఎంచుకో, మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి సంబంధించిన జీన్ అది. ప్రోటీన్‌గా మారే భాగం తెరిస్తే ఇలా మొదలవుతుంది: ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ, జీఏజీ. మొదటి ఏటీజీ ఉత్త మొదలు గుర్తు, దాన్ని వదిలేసి మూడేసి అక్షరాలు చొప్పున వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ ఆరో దాని దగ్గర ఆగు. జీఏజీ. అందులో మధ్య అక్షరం ఏ బదులు టీ పడితే సికిల్ సెల్. ఆ చోటు నీ అంతట నువ్వు కనిపెట్టాక, అదే పని చేసే నాలుగు లైన్ల పైథాన్ ప్రోగ్రామ్ రాసి, అది పని చేసిందో లేదో నాకు ఉత్తరం రాయి, తప్పులుంటే వచ్చే నెల ఇక్కడే చూద్దాం.